ఎదురు పక్షం జామీను

మొన్న మా మరిది మనవరాలు నర్సింగు కాలేజీలో చేరుతూ ఒక బాండు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. జామీనుదారు సంతకం కావాలట. సంతకానిదేముంది అని కళ్లజోడు పెట్టుకుని చూస్తే, జామీను ఉండేవారికి ఈ జిల్లాలో సొంత స్థిరాస్తి ఉండాలని రాసి ఉంది. ముప్పై నాలుగేళ్లు ఈ హిందీ ఊళ్లో, గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్లో కాపురం చేసి, ఇప్పుడు గోవింద్‌పూర్‌లో కొడుకు అద్దె ఇంట్లో ఉంటున్నదాన్ని. నా పేరు మీద ఈ ఊళ్లో ఉన్నది రేషన్ కార్డు ఒక్కటే. ఆ మాటే తెలుగులో చెబితే అది హిందీలో, "రహనే దీజియే నానమ్మా, కిసీ ఔర్ సే కరవా లేంగే" అంటూ, వేరేవాళ్ల చేత పెట్టించుకుంటానని చెప్పేసి వెళ్లిపోయింది. అది వెళ్లాక మాంగోలో ఉండే మా పెద్దమావయ్య, అత్తయ్య వంటిల్లు, ఆ వంటింటి గోడ కోసం జామీను వెతుక్కుంటూ మేం తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

మావయ్య క్రేను ఆపరేటరుగా రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, నది దాటి మాంగోలో ఇంత స్థలం కొన్నాడు. కొనడమంటే స్టాంపు కాగితం మీద రాయించుకోవడమే, రిజిస్ట్రేషను లేదు. పక్కిల్లు రైల్వేలో గార్డుగా చేసినాయనది. ఆయన కూడా శ్రీకాకుళం వైపు మనిషే, మేమంతా గార్డు బాబాయి అనేవాళ్లం. రెండిళ్లకూ కలిపి వీధిలోకి ఒకటే సందు. అత్తయ్య ముప్పై ఏళ్లు క్వార్టరు వంటింట్లో మోకాళ్లు ముడుచుకుని కూరలు తరిగిన మనిషి. సొంత వంటిల్లు కట్టేటప్పుడు, కత్తిపీట ముందు కాళ్లు చాపుకోవడానికి చోటు కావాలని మేస్త్రీ చేత గోడ సందులోకి రెండడుగులు జరిపించింది. ఆ గోడకు బాబాయి స్కూటరు హ్యాండిలు రాసుకుంది. మాటా మాటా పెరిగి బాబాయి కేసు వేశాడు. అది తొమ్మిదేళ్లు నడిచింది. వాయిదా ఉన్న రోజున వాది, ప్రతివాది ఇద్దరూ ఒకే ఆటోలో వంతెన దాటేవారు. మనిషికో ఆటో దండగని మావయ్య వాదన. కోర్టులో మాత్రం వేరు వేరు బెంచీల మీద కూర్చునేవారు. మగవాళ్లది అలా గడిచిపోయింది కానీ ఆడవాళ్లిద్దరికీ మాటలు లేవు, ఆటోలో మగవాళ్లు ఇంట్లోవాళ్ల ఊసే ఎత్తేవారు కాదు. గార్డు పిన్ని ఏడాదిగా వాకిట్లోకే రాకపోతే, అది కూడా పంతమేనని అత్తయ్య తేల్చేసింది.

చివరికి తీర్పు బాబాయి వైపు వచ్చింది. గోడ తీసెయ్యాలన్నారు. మావయ్య పై కోర్టుకు అప్పీలు వెళ్లాడు. అప్పీలు తేలేదాకా గోడ కూల్చకుండా స్టే ఇచ్చారు కానీ ఒక షరతు పెట్టారు. రేపు అప్పీలు ఓడిపోతే మావయ్య తీర్పు పాటిస్తాడనీ, ఎదుటివారి ఖర్చులు ఇచ్చుకుంటాడనీ, ఈ ఊళ్లో ఆస్తి ఉన్న మనిషి ఎవరైనా ఆరు వారాల్లో పూచీ పడాలి. లేకపోతే స్టే పోతుంది, కోర్టు మనుషులు వచ్చి గోడ కొట్టేస్తారు. నాకు హిందీ కాగితాలు చదవడం వచ్చు కనుక ఇదంతా వాళ్లకు చదివి చెప్పే పని నా మీద పడింది.

అప్పుడు తెలిసింది మా వాళ్ల వైభవం. పెళ్లికి పిలిస్తే నాలుగు బస్సుల జనం వస్తారు. అందరివీ క్వార్టర్లే. కాస్తో కూస్తో భూమి ఉన్నవాళ్లకు అది పలాస దగ్గరో, సోంపేట దగ్గరో ఉంది. అది పనికిరాదని వకీలు చెప్పేశాడు. అయిదు వారాలు గడిచిపోయాయి. అత్తయ్య పైకి ఏమీ అనకుండా పచ్చడి జాడీలు ఒక్కొక్కటే ముందు గదిలోకి మోసుకోసాగింది. ఇక లాభం లేదని మావయ్య చొక్కా తొడుక్కుని, నన్నూ అత్తయ్యనూ వెంటబెట్టుకుని పక్కింటికి బయలుదేరాడు. ఇందులో ఆయనకు వింతేమీ కనిపించలేదు. మా వాళ్లలో బెయిలుకైనా, బడిలో సీటుకైనా జామీను కావలసివస్తే అందరూ వెళ్లేది గార్డు బాబాయి దగ్గరికే. రిజిస్టరు దస్తావేజు, పన్ను రసీదులు వరసగా పేర్చుకున్న మనిషి ఆయన ఒక్కడే.

"బావా, జామీను కావాల" అన్నాడు మావయ్య గుమ్మంలో నిలబడి.

"ఎవులికి?"

"నాకే."

"ఏ కేసులోన?"

"మన కేసులోనే."

బాబాయి డ్యూటీ రోజులనాటి నల్ల రేకుపెట్టె మూత తెరిచి దస్తావేజు పైకి తీశాడు. "రేపొద్దున్న వత్తాను. ఆటో నువ్వే పిలు" అన్నాడు. ఈలోగా అత్తయ్య లోపలి గదివైపు చూసి అలాగే నిలబడిపోయింది. అక్కడ గార్డు పిన్ని చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది.

"కాళ్లు పడిపోనాయి వదినా. ఈ కుర్చీ సందులో పట్టదు, అందుకే బయటికి రాను. నీ మీద నాకు కోపమేటి?" అంది పిన్ని.

అత్తయ్య ఆ కుర్చీ చక్రాల వంక, వెనక్కి తిరిగి సందు వంక చూసింది. నాకు సిగ్గేసింది, ఎన్నిసార్లు ఆ వాకిలి దాటి వెళ్లానో.

మర్నాడు కోర్టులో మా వకీలు జామీనుదారును చూసి తల పట్టుకున్నాడు. జడ్జిగారు కాగితం తిప్పి తిప్పి చూసి, "ఎదురు పార్టీ మీరే కదా?" అని హిందీలో అడిగారు.

"కేసు గోడ గురించి హుజూర్. జామీను మనిషికి. ఈయన ఎక్కడికీ పారిపోడని నాకు తెలుసు" అన్నాడు బాబాయి.

జడ్జిగారు నవ్వాపుకుంటూ, మీకు మీరే పూచీ పడటం కుదరదని నచ్చజెప్పారు. బాబాయి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అలాగైతే నాకు ఈయన దగ్గర జామీనే అక్కర్లేదని రాసుకోండి" అన్నాడు. వకీలు గబగబా రాశాడు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. షరతు పోయి స్టే నిలిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మావయ్య హుషారుగా కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

నాలుగో రోజున వెళ్లేసరికి వంటింట్లో మేస్త్రీ ఉన్నాడు. అత్తయ్య ముగ్గుపిండితో నేల మీద గీత గీసి, అక్కడిదాకా గోడ కొట్టమంటోంది. మావయ్య లబోదిబోమంటున్నాడు. "ఒసే, ఇప్పుడే గదే స్టే వచ్చింది!"

"అందుకే మరి. కోర్టోలొచ్చి కొడతామంటే అడ్డంగా తొంగుందును. ఇప్పుడు నన్నెవులూ కొట్టమన్నేదు గదా" అంది అత్తయ్య.

తర్వాతి వాయిదాకు మావయ్య అప్పీలు వెనక్కి తీసుకున్నాడు. గోడ వెనక్కి జరిగిన సాయంత్రమే పిన్ని కుర్చీని బాబాయి సందులోకి తోసుకొచ్చాడు. కుర్చీ వంటింటి కిటికీ దగ్గర ఆగింది. ఇన్నేళ్ల తర్వాత ఆ సందులో పిన్ని అన్న మొదటి మాట, "పులుసు మాడతన్నాది వదినా" అని. అత్తయ్య ఒక్క పరుగున పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఇప్పుడామె కాళ్లు ముడుచుకునే కూరలు తరుగుతుంది, కిటికీ అవతల పిన్ని కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుంది. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. కోర్టువారు ఆరు వారాలు గడువిస్తే అత్తయ్యకు నాలుగు రోజులు సరిపోయాయి. అంతకుముందు తొమ్మిదేళ్లు మా చేతుల్లోనే ఉన్నాయి, వాటికెవరూ గడువు పెట్టలేదు కాబోలు, ఎటు పోయాయో ఇప్పటికీ తెలియదు.