నల్ల బీరులో మా కొట్టు కాఫీ

నా నాలుక మా కొట్టు పరువు తీసిన వైనం చెబుతాను, వినండి. నోరు జారి కాదండోయ్. రుచి చూసి మరీ తీశాను.

గవర్నర్‌పేటలో మాది కాఫీ పొడి కొట్టు. గింజలు మేమే వేయించి, మేమే ఆడించి అమ్ముతాం. అప్పటికి నాకు పాతికేళ్ళు. వాసన చూసి చికోరీ ఎంత కలిసిందో చెప్పేస్తానని మహా గీర. కంకిపాడు దాటాక శైలజగారని ఒకావిడ, బీరు అక్కడికక్కడే తయారుచేసే హోటలు పెట్టారు. వాళ్ళకి రోజూ కాఫీ పొడి కావాలట. ఆ ఆర్డరు వస్తే, వీధి చివరిదాకా అరిచే మా పాత గ్రైండరు మార్చొచ్చని నాన్న ఆశ.

"శాంపిల్ ప్యాకెట్ ఇచ్చి రా. నోరు మాత్రం తెరవకు," అని పంపాడు.

నేను తెరవలేదండీ, నిజం. ఆవిడే తెరిపించారు.

"మీరు రుచులు ఇట్టే కనిపెడతారటగా? ఇది చూసి చెప్పండి," అంటూ ఓ గ్లాసు ముందు పెట్టారు. "స్టౌట్ అంటారు. నల్ల బీరు."

అంతవరకూ నేను బీరు ముట్టినవాణ్ణి కాదు. కానీ ఆ నలుపేమిటండీ బాబూ! లైటుకి ఎదురుగా పట్టినా అవతల ఏమీ కనబడదు. పైన గోధుమరంగు నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే, పొద్దున్నే గింజలు దించగానే మా కొట్లో వచ్చే వాసన! ఇది బీరులోకి ఎలా వచ్చింది? ఇక నాకు ప్రాణం ఆగలేదు.

"ఇంకో గ్లాసు ఇప్పించండి."

"ఇది తాగకుండానే?"

"తిరగబోయడానికండీ. నురగ రాకపోతే రుచి తెలీదు."

కాఫీని పోసినట్టే మూరెడెత్తు నుంచి పోశాను. బీరుని అలా పోయకూడదని నాకేం తెలుసు? నురగ గ్లాసు దాటి, బల్లంతా పారి, మా శాంపిల్ ప్యాకెట్‌ని ముంచేసింది.

మిగిలింది గుక్కెడు. తాగాను. మొదట చిరుచేదు, తర్వాత కాస్త మాడిన బెల్లం పాకం, ఆఖర్న నాలుకని వదలని ఆ ఘాటు... అబ్బ!

"ఇందులో కాఫీ కలిపారు!"

"లేదే."

"నా దగ్గరా మేడమ్? కలిపారు. అదీ మా కొట్టు పొడే!"

"కాఫీ గింజ ఒక్కటి కూడా లేదండీ."

"ఒట్టు! మా పొడి రుచి నాకు తెలీదా? అచ్చం ఇదే!"

శైలజగారు లోపలికెళ్ళి, బొగ్గులా వేగిన గింజలు దోసెడు తెచ్చి నా చేతిలో పోశారు.

"బార్లీ. జ్వరమొస్తే నీళ్ళు కాచుకుంటామే, అదే. మాడ వేయిస్తే ఈ రుచి వస్తుంది." తడిసిన మా ప్యాకెట్ వైపు చూశారు. "అయితే మీ పొడిలో ఉండేది కూడా ఇదేనన్నమాట!"

కాదంటే నా నాలుక పరువు పోతుంది, అవునంటే కొట్టు పరువు పోతుంది.

"నాలుకదే తప్పండీ," అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు. పొడి ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. జాలేసిందో ఏమో, "పోనీ, మాకు బార్లీ వేయించి పెడతారా?" అన్నారు. అది విని నాన్న నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. కానీ వచ్చిన పని ఎందుకు పోగొట్టుకోవాలని ఒప్పుకున్నాడు.

మరుసటి వారం బార్లీ బస్తా కొట్లో దిగింది. మొదటి వాయి వేగుతుంటే, ఇరవయ్యేళ్ళుగా మా దగ్గరే పొడి కొనే రిటైర్డ్ మాస్టారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు.

"ఆహా! ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత మంచి వాసన రాలేదయ్యా! ఈ వాయిలోది నాకు అరకేజీ కట్టు."

నాన్న నావైపు చూశాడు. నేను బార్లీ వైపు చూశాను.

ఆ క్షణమే, వేగుతున్న బార్లీ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో తాగినదాని పేరు మళ్ళీ చెప్పను. ఇప్పటికీ మా ఆవిడ కప్పు చేతికిచ్చి "కాఫీ ఎలా ఉంది?" అంటే, "బాగుంది" అంటాను. కాఫీ బాగుందని మాత్రం చచ్చినా అనను.