ఆంటీ పేరున ఒక సంతకం

నాకు అనుమానం కాస్త ఎక్కువ. అరిజోనాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో అది బాగా ముదిరింది.

అబార్షన్ మీద ఉన్న ఆంక్షలు ఎత్తేయాలా వద్దా అన్నది జనం ఓటుకు పెట్టాలని అప్పట్లో సంతకాలు సేకరిస్తున్నారు. మా క్యాంపస్‌లో ఆ పని భుజాన వేసుకున్నది నా స్నేహితురాలు, అమెరికాలోనే పుట్టిన తెలుగమ్మాయి. నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నదాన్ని కాబట్టి సంతకం పెట్టకూడదు, పెట్టించుకోనూ కూడదు. బల్ల మోసి, మంచినీళ్ల సీసాలు అందించేదాన్ని. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, నన్నే ఫోటో తీస్తున్నారని ముఖం తిప్పుకునేదాన్ని. వీసా పోతుందని నిజంగానే భయం.

నేను క్యాంపస్‌కి దగ్గర్లోని చాండ్లర్‌లో ఒక తెలుగు దంపతుల ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, సిటిజన్లు. ఒక సాయంత్రం స్నేహితురాలు నన్ను కార్లో దింపి, గుమ్మంలో అంకుల్‌ని సంతకం అడిగింది. ఆయన ఒక్క ముక్క చదవకుండా గీకేశారు. “మీ ఆంటీది కూడా తెస్తా, ఉండండి” అని సంతకాల కాగితం తగిలించిన అట్టతో సహా లోపలికి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. ఆ హుషారు నాకు నచ్చలేదు. స్నేహితురాలికి క్లాసు టైమైపోయింది. మర్నాడు తీసుకుంటానని అట్ట నా దగ్గరే వదిలి వెళ్లింది.

గదిలో కూర్చుని చూద్దును కదా, రెండు సంతకాలదీ ఒకటే వాటం. పైగా ఆయన లోపలికెళ్లిన ఆ సమయానికి ఆంటీ పెరట్లో కరివేపాకు మొక్కకు నీళ్లు పోస్తున్నారు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం నేరం. పట్టుబడితే మా స్నేహితురాలి మెడకు చుట్టుకుంటుంది. అంకుల్‌ని అడగడానికి నాకు నోరు రాలేదు.

భోజనాల దగ్గర ఆంటీయే అడిగారు, ఆ సంతకాలేమిటని.

“నీది నేను పెట్టేశాలే” అన్నారు అంకుల్, పప్పు కలుపుకుంటూ.

ఆంటీ నావైపు తిరిగి, “ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా? వాంతులవీ ఏం లేవుగా?” అన్నారు. ఈ పని మీద తిరుగుతున్నానంటే అవసరం నాదేనని ఆవిడ లెక్క. నాకు ఒళ్లు మండింది. రేపు మా అమ్మకు ఫోన్ వెళ్తుందని కూడా ఖాయం చేసుకున్నాను.

మర్నాడు క్లాసు నుంచి వచ్చేసరికి ఆంటీ నా మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఆ అట్ట, చేతిలో నా పెన్ను. తన పేరున్న వరుస మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది.

“ఏం చేస్తున్నారాంటీ?” అని అరిచినంత పని చేశాను.

“నా పేరే కొట్టేశా. వేరేవాళ్లది ముట్టుకోలేదు.”

“మీకిష్టం లేకపోతే అంకుల్‌తోనే చెప్పాల్సింది.”

“ఇష్టం సంగతి ఎవరడిగారే? గుంటూరులో ఉన్నప్పుడు స్కాన్ తీసి రెండోది కూడా ఆడపిల్లే అన్నారు. మీ అంకుల్ వద్దన్నారు. హాస్పిటల్లో అబార్షన్ కాగితం మీద సంతకం కూడా ఆయనే పెట్టారు. నాకు ఆ పిల్ల కావాలనే ఉండేది.”

సిగ్గుతో నా తల వాలిపోయింది. అయినా అనుమానం చావలేదు. “అయితే ఈ సంతకాల పని మీకు నచ్చదన్నమాట” అన్నాను.

“నీకన్నీ తొందరే. చదవనీ.”

చీకటి పడకముందే స్నేహితురాలు వచ్చింది. ఆంటీ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కారు దగ్గరికి నడిచారు.

“ఆంటీ, ఈసారి మీరు సైన్ చేస్తే నేను చూడాలి, ఓకే?” అంది ఆ అమ్మాయి తన అమెరికా యాసలో.

ఆంటీ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అటూ ఇటూ మొత్తం చదివారు. మాకు కాళ్లు లాగాయి. గరాజ్ లోంచి అంకుల్ కేకేశారు. “మళ్లీ ఎందుకే? నేను పెట్టేశాగా!”

“అందుకేనండీ” అని ఆంటీ పెన్ను తీసుకున్నారు.