బతికితే వచ్చే డబ్బు

మొన్న రాత్రి భోజనాలు కాగానే మా మనవరాలూ, దాని మొగుడూ ఆదాయపు పన్ను కాగితాలు ముందేసుకుని, మార్చి లోపల దేంట్లో ఎంత దాస్తే పన్ను తగ్గుతుందో, అరవై ఏళ్లు వచ్చాక ఇద్దరికీ నెలకెంత చేతికొస్తుందో లెక్కలు వేసుకుంటూ, నువ్వు ముందు పోతే నాకింత అని ఆ పిల్ల నవ్వుతూ అనేసరికి నాకు వక్కపలుకు గొంతులో అడ్డం పడింది. మన కాలపు ఆడవాళ్లకు ఆ మాట నోట వస్తుందా చెప్పండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆయన నంద్యాలలో ఒక పత్తిమిల్లులో గుమాస్తా. జీతం పన్ను కట్టేంతటిది కాదు గానీ, యజమాని పన్ను లెక్కలు రాసీ రాసీ, జీవిత బీమా కట్టేవాళ్లకు పన్నులో కొంత కలిసొస్తుందనీ, అంతకు మించి అది ముసలితనానికి ఆసరా అనీ తెలుసుకున్నాడు. మిల్లు ఉద్యోగానికి పింఛను లేదు మరి. పెళ్లికి ముందే ఒక పాలసీ తీసుకుని, కాఫీ మానుకుని మరీ కడుతుండేవాడు.

మా పెళ్లయిన కొత్తలో, బీమా ఏజెంటుగా తిరిగే మా పెదనాయన కొడుకు వచ్చి, వారసురాలిగా నా పేరు రాయించాలని కూర్చున్నాడు. యాభై అయిదేళ్లు నిండితే డబ్బు ఆయన చేతికే వస్తుందన్నాడు, ఈలోగా జరగరానిది జరిగితే నాకొస్తుందన్నాడు. మొదటి మాట నా చెవికెక్కనే లేదు. రెండో మాటకు ఒళ్లు మండిపోయింది.

"నీ పాణానికి వెల కట్టించి, ఆ దుడ్లు నేను తినాల్నా? నాకొద్దప్పా" అన్నాను మా ఆయనతో.

వచ్చిన అన్నకు మంచినీళ్లయినా ఇవ్వకుండా సాగనంపాను. ఆయన నచ్చజెప్పబోతే మూట కట్టుకుని ఆళ్లగడ్డ పుట్టింటికి పోయి కూర్చున్నాను. ఆయనే దిగొచ్చి, ఇక కట్టనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాకే కదిలాను. అంత తొందరగా మానేస్తే కట్టింది కూడా వెనక్కి రాదట. పోతే పోయింది, పీడ విరగడైందని సంబరపడ్డాను.

మిల్లు మూతపడింది. డెబ్బై దాటాక కూడా ఆయన నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోయి ఒక ఎరువుల అంగట్లో లెక్కలు రాసేవాడు. బస్సు ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాల్సి వచ్చేది. ఒకనాడు ఉండబట్టలేక, ఆ బీమా ఉండుంటే నీకీ అవస్థ తప్పేది గదా అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు.

"నువ్వు కట్టనీలేదు, అందుకే ఇన్నేండ్లు బతికుండాను. పోనీలే" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఈ కాలపు పిల్లలు చావునూ ముసలితనాన్నీ కూరగాయల బేరంలా మాట్లాడుకుంటారు, వీళ్లకు ప్రేమలు తక్కువని మనవాళ్లంటారు. నేనూ అన్నదాన్నే. ఇప్పుడు అనలేను. ఆయన పోతాడేమోనని భయపడ్డానే గానీ, ముసలివాడవుతాడని ఒక్కనాడూ అనుకోలేదు.