గేమ్ కంప్లయింట్ అని పక్కన పెట్టిన కేసు

2022 ఎండాకాలం ముచ్చట ఇది. పట్నంల కాప్రా దిక్కు ఒక కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసుల నేను పనికి చేరి అప్పటికి పదహారేండ్లు. స్తంభాలెక్కి తీగలు గుంజిన, ఇండ్లల్ల రౌటర్లు బిగించిన, నెట్ రాకపోతే జనం పెట్టే తిట్లన్నీ తిన్న. డాక్టర్ల లెక్క మన చేతుల్ల ఎవరి పానం ఉండదు, తప్పయితే మళ్లొచ్చి దిద్దొచ్చు అని ధీమాగ ఉండేటోణ్ణి. నా తెలివి అంతే ఉండె.

సైనిక్‌పురిల హరీష్ అని మా కస్టమర్. భీమవరం దిక్కు నుంచి వచ్చి ఈడ స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఇంట్లనే కూసొని కంపెనీ పని చేస్తడు, భార్య స్వాతి బేగంపేటల ఆఫీసుకు పోతది. వెనక గదిల స్వాతి తల్లి సుబ్బలక్ష్మమ్మ. పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఆడుతది, నోట్లకెళ్లి "వద్దు" అన్న ఒక్క మాట వస్తది, అంతే. ఆమె మంచం ఎదురుంగ అలమార మీద ఒక చిన్న కెమెరా పెట్టుకున్నరు. స్వాతి ఆఫీసుల కూసొని ఫోన్ల తల్లిని చూసుకుంటది, కెమెరాల ఉన్న స్పీకర్‌తోని "అమ్మా, నీళ్లు తాగావా?" అని పలకరిస్తది. మంచి ఏర్పాటే.

హరీష్ నన్ను పిలిచింది కెమెరా కోసం కాదు, ఆట కోసం.

"కాలేజీ స్నేహితులం ఎనిమిది మందిమి, తలో ఊళ్లో ఉన్నామండీ. ఆదివారాలు కలిసి ఆడుకుందామని గేమ్ సర్వర్ నా కంప్యూటర్లోనే పెట్టాను. ఒక్కడికీ కనెక్ట్ అవ్వట్లేదు, యాదగిరి గారూ," అన్నడు.

సర్వర్ అంటే ఆట నడిచే జాగా. అందరూ బయట నుంచి ఆయన కంప్యూటర్‌లకు రావాలె. ఇంటి రౌటరేమో బయటోళ్లను ఎవర్నీ లోపలికి రానియ్యదు, దాని పనే అది. అందుకని రౌటర్‌ల పోర్ట్ ఫార్వర్డింగ్ పెడతం. అంటే ఫలానా నంబరు మీద వచ్చినోణ్ణి ఫలానా కంప్యూటర్ దగ్గరికే పంపు, మిగిలినోళ్లను ఆపు అని చెప్పుడు. రెండు నంబర్లు పెట్టిన. ఆట కనెక్ట్ అయింది గని ఒకరి మాట ఒకరికి వినపడుతలేదు. ఇంకో నంబరు ఏదో తెరవాలె, అదేందో వెతకాలె. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది, ఇంకా మూడు ఇండ్లు మిగిలి ఉన్నయ్.

నేను అడ్డదారి పట్టిన. డీఎంజడ్ అని ఒకటి ఉంటది. రౌటర్ ఇంట్ల ఒక్కో వస్తువుకు ఒక్కో అడ్రస్ ఇస్తది, డీఎంజడ్ పెడితే అండ్ల ఒక్క అడ్రస్‌కు అన్ని తలుపులూ ఖుల్లా; హరీష్ కంప్యూటర్ అడ్రస్‌కు అదే పెట్టిన. మళ్లీ కంప్లయింట్ రాకుండ మా లైన్ల శానామంది చేసే పనే. చేసినా కనీసం ఆ అడ్రస్‌ను కంప్యూటర్‌కే పక్కా చెయ్యాలె, లేకుంటే రౌటర్ దాన్ని ఇంకో వస్తువుకు ఇచ్చేస్తది. రెండు నిమిషాల పని. అది సుత చెయ్యలే. ఎందుకు చెయ్యలేదంటే చెప్పనీకి సిగ్గయితది. ఆకలైతుండె.

మూడు వారాలకు గాలివాన వచ్చి కరెంటు పోయింది. పొద్దుగాల కరెంటు వచ్చే యాళ్లకు హరీష్ కంప్యూటర్ బంద్ ఉంది, కెమెరా మాత్రం దానంతటదే షురూ అయింది. కంప్యూటర్ అడ్రస్ పోయి కెమెరాకు పడ్డది. నేను ఖుల్లా పెట్టిన తలుపులన్నీ పోయి ఆ వెనక గదికి తెరుచుకున్నయ్. కెమెరా పాస్‌వర్డ్ సుత డబ్బాల వచ్చిందే, మార్చలేదు.

ఆదివారం హరీష్ ఫోన్ చేసిండు. "సర్వర్ మళ్లీ పోయిందండీ."

"కరెంటు పోయింది కద సార్, రౌటర్ ఒకపారి బంద్ చేసి పెట్టుండ్రి. కాకుంటే వస్తా," అన్న. ఆయన పెట్టిండు, కాలే. మా ఆఫీసుల గేమ్ కంప్లయింట్ అంటే లిస్టుల అట్టడుగున రాస్తరు. ఆఫీసు పని ఆగిందన్నోళ్లు ముందు, పిల్లల క్లాసులు తర్వాత, ఆటలోళ్లు ఆఖరుకు. నేను సుత "ఆటే కద, ఆగుతరు తియ్" అని నవ్విన. పోయేసరికి కరెంటు పోయిన దినం నుంచి పన్నెండు రోజులైంది.

హరీష్ ముందు గదిల చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొని పనిల ఉండె. వెనక గదిల నుంచి "వద్దు, వద్దు" అని వినొస్తుంది. నేను అటు చూస్తే ఆయన హెడ్‌సెట్ తీసిండు.

"అత్తగారికి ఈమధ్య బాగా లేదండీ. అలమార వంక చూపించి ఒకటే గొడవ, అక్కడెవరో ఉన్నట్టు. తిండి తగ్గించేసింది. డాక్టరు గారు భ్రమలన్నారు, మాత్ర పెంచారు. మొన్న గ్లాసు తీసి అటు విసిరింది. ఇక చేసేది లేక చెయ్యి కట్టాం," అన్నడు. చెప్తుంటే ఆయన ముఖం సుత వాడిపోయి ఉంది.

"అయ్యో పాపం" అనుకుంట రౌటర్ పేజీ తెరిచిన. డీఎంజడ్‌ల ఉన్న అడ్రస్ ఎదురుంగ కంప్యూటర్ పేరు లేదు, కెమెరా పేరుంది. లేచి వెనక గదికి ఉరికిన.

ఆమె ఎడమ చెయ్యి మంచం పట్టెకు తువ్వాలతోని కట్టి ఉంది. అలమార మీద కెమెరా తల దానంతటదే తిరిగింది, నన్ను చూసింది. అండ్లకెళ్లి ఒక మొగోని నవ్వు వచ్చింది. వాని వెనక ఇంకొకడు ఏదో తెల్వని భాషల అన్నడు, ఇద్దరూ నవ్విన్రు. ఆ పెద్దావిడ కండ్లు గట్టిగ మూసుకుంది. నేను వైరు పట్టి గుంజేసిన.

"ఏమైందండీ?" అని హరీష్ వాకిట్ల నిలబడి అడిగిండు. "ఎవరో హ్యాక్ చేసిన్రు సార్, మన చేతుల లేదు" అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అంటే అయిపోతుండె, ఆయనకు ఎన్నటికీ తెల్వకపోతుండె. కట్టేసిన ఆ చెయ్యి చూసి అనలేకపోయిన. ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన పోయి తువ్వాల విప్పబట్టిండు. ముడి గట్టిగ పడ్డది, పండ్లతోని గుంజి విప్పిండు.

స్వాతి బేగంపేట నుంచి వచ్చేదాక నేను ఆడనే కూసున్న. ఆమె అంతా విని, "ఎన్ని రోజులు?" అని అడిగింది.

"పన్నెండు దినాలు, మేడం."

"రోజూ ఆ గదిలోనే అమ్మకి ఒళ్లు తుడిచాను. చీర మారుస్తుంటే కొంగు వదలకుండా ఏడ్చేది. చంటిపిల్లలా ఏంటీ పేచీ అని కసిరాను నేను," అన్నది.

"తప్పయింది మేడం," అన్న.

"నాకెందుకండీ? ఆవిడకి చెప్పండి."

మంచం పక్కన కింద కూసున్న. "అమ్మా, మీరు చెప్పింది నిజం. మీకు భ్రమ కాదు. వాళ్లు ఉండిన్రు, మిమ్మల్ని చూసిన్రు. తలుపు తీసి పెట్టింది నేను," అన్న. ఆమె ఎడమ చేత్తోని దుప్పటి మెడ దాకా గుంజుకున్నది.

హరీష్ వాళ్లు పోలీసులకు కంప్లయింట్ ఇచ్చిన్రు, ఎవరూ దొరకలే. మా మేనేజర్ నన్ను పిలిచి, "ఎందుకు ఒప్పుకున్నవ్ రా, నీకేమన్న పిచ్చా?" అన్నడు. చేసిన తప్పు గురించి మాత్రం అడగలే.

ఆ దినం నుంచి డీఎంజడ్ ముట్టలే. ఎంత లేటైనా ఏ నంబరు కావాల్నో అదే తెరుస్తా, అడ్రస్ పక్కా చేస్తా, ఇంట్ల కెమెరా ఉంటే పాస్‌వర్డ్ మార్పించే దాక కదల. లిస్టుల కింద రాసిన కంప్లయింట్‌కు ముందుగాల ఫోన్ చేస్తా. ఇంట్ల ముసలోళ్లో పిల్లలో ఏదన్న వింతగ ఉందంటే, ముందు వాళ్లు చెప్పింది నిజమనుకొనే వైర్లు చూస్తా. కొత్తగ వచ్చినోళ్లకు సుత ఇదే చెప్తున్న, విసుక్కున్నా చెప్తున్న.

వానలు తగ్గే యాళ్లకు సుబ్బలక్ష్మమ్మ పోయింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందట. ఇల్లు మారుతున్నం, కనెక్షన్ తీసెయ్యమని హరీష్ వాళ్లు చెప్తే నేనే పోయిన. స్వాతి తనే తలుపు తీసింది. "తర్వాత అమ్మ జెర మంచిగున్నరా మేడం?" అన్న.

"మాత్ర తగ్గించాక తిండి తిన్నది. ఒళ్లు తుడిచేటప్పుడు మాత్రం కళ్లు మూసుకునేదండీ, చివరిదాకా."

"కెమెరా తీసేసిన్రు కద? ఆమెకు చెప్పలేదా?"

"చెప్పాం. రోజూ చెప్పాం. ఆవిడ చెప్తే మేం నమ్మామా, మేం చెప్తే ఆవిడ నమ్మడానికి?" అని లోపలికి పోయింది.

నేను రౌటర్ విప్పి సంచిల పెట్టుకొని వచ్చేసిన.