గడియ పెట్టమన్న టీచరమ్మ

టీచరమ్మ పోయారని చర్చి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తమ్ముడికి అన్నం పెడుతున్నాను. కబురు విని ఒక పక్కన కూర్చుని ఏడవడానికి వీల్లేదు. చెయ్యి ఆగితే వాడికి కంగారు, కంచం విసిరేస్తాడు. ముద్దలు పెడుతూనే విన్నాను, పెడుతూనే ఏడ్చాను.

మాది కొత్తవలస. తమ్ముడికి ముప్పై దాటాయి, మాటలు రావు. ఒకసారి పరుగెత్తుకుంటూ రైలు పట్టాల మీదికి వెళ్లిపోయాక నాన్న వాడి గదికి బయట గడియ బిగించారు. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. గడియ మిగిలింది. లోపల వాడు తలుపు బాదేవాడు, తల గోడకేసి కొట్టుకునేవాడు. బయట నేను కూర్చునేదాన్ని. పెళ్లిళ్లకూ పరామర్శలకూ పిలవడం అందరూ మానేశారు.

టీచరమ్మ ఇలాంటి పిల్లల బడిలో పనిచేసి రిటైరయ్యారు. తర్వాత చర్చి పక్క హాలులో, ఇళ్లకు వెళ్లి వీళ్లను చూసుకునే ఆయాలకూ, మాలాంటి ఇంటివాళ్లకూ శిక్షణ ఇచ్చేవారు. కొట్టకుండా, కట్టెయ్యకుండా, బెదిరించకుండా వాళ్లతో ఎలా మెలగాలన్నదే ఆ పాఠం. నేను ఇల్లు వదిలి రాలేనంటే ఆవిడే వచ్చారు. తిన్నగా తమ్ముడి గదిలోకి వెళ్లి, "గడియెట్టీయమ్మా" అన్నారు.

"మీరు లోపలున్నారు కదా టీచరమ్మా! ఆడు కొడతాడు."

"ఎట్టీ. ఎప్పుడు తీస్తావో నాకు సెప్పకు."

చాలాసేపటికి తీశాను. ఆవిడ చెమటతో తడిసిపోయారు, ముంజేతి మీద పళ్లగాటు. నీళ్లు తాగి, "ఎప్పుడు తీస్తారో తెలీకపోతే నేనూ తలుపు బాదీదాన్నే" అన్నారు. "ఇది పొగరు కాదమ్మా. అడుగుతన్నాడు. ఇంకో రకంగా అడగడం ఆడికి నేర్పాల."

నేర్పడానికి నెలలు పట్టింది. నీళ్లు, అన్నం, బయట, చాలు అంటూ అట్టముక్కల మీద ఆవిడే బొమ్మలు వేసిచ్చారు. వాడు రోజంతా 'బయట' బొమ్మే చూపించేవాడు. విసిగిపోయి ఫోన్ చేస్తే, "ఇన్నేళ్లూ అడగనివ్వలేదు కదే, అడగనీ" అనేవారు. ఏ గొడవ జరిగినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "దానికి ముందు ఏటయ్యింది?" ఒకరోజు నేనే పాలగిన్నె నేలకేసి కొట్టానని చెప్పాను. నన్నూ అదే అడిగారు. నన్ను ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

తమ్ముడు తల కొట్టుకోవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. గదికి గడియ ఊడదీసి, వీధి గేటుకు మాత్రం తాళం ఉంచాం. ఆ తాళంచెవి నా కొంగున ఉన్నా నేనూ లోపలి మనిషినే.

సమాధి కార్యక్రమానికి బయల్దేరుతుంటే పక్కింటి పిన్ని, "ఆడ్ని లోపలెట్టి తాళమేసి ఎల్లిరాయే. ఆ జనంలో ఏటి సేస్తాడో ఏటో" అంది. టీచరమ్మను చివరిసారి చూడటానికి వాణ్ని బంధించి వెళ్లడమా? ఆటో పిలిచాను.

సమాధుల తోట దగ్గర పాటలు వినబడగానే వాడు చెవులు మూసుకుని, కేకలు పెడుతూ ఆటోలోనే ముడుచుకుపోయాడు. జనం తిరిగి తిరిగి చూశారు. వాణ్ని వదిలి దిగలేను, తీసుకుని లోపలికి పోలేను. పెట్టె గోతిలోకి దించడం కనబడలేదు. గోడ అవతల మట్టి పడుతున్న చప్పుడు మాత్రం విన్నాను.

అందరూ వెళ్లిపోయాక వాడు తనంతట తనే దిగాడు. నడుచుకుంటూ లోపలికి వెళ్లి, దండలు కప్పిన పచ్చిమట్టి పక్కన చెంప నేలకు ఆనించి పడుకున్నాడు.

"లేవరా, ఎల్లిపోదుం" అన్నాను.

లేవలేదు. ఆటో అతను హారన్ కొట్టాడు. నేను చెప్పులు విడిచి వాడి పక్కన కూర్చున్నాను. బంతిదండల మీంచి చీమలు బారుగా దిగి వాడి మోచేతి మీదికి ఎక్కుతున్నాయి. వాడు దులుపుకోలేదు.