గేటు రెండో రెక్క

ఆ రోజు నేను గేటు రెండో రెక్క తెరవలేదు. తప్పు నాదే. ఇప్పుడు రాస్తున్నది దాన్ని కప్పిపుచ్చుకోవడానికి కాదు. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

మాది పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం, మన్సూరాబాద్‌లో సొంతిల్లు. పైన మేముంటాం. కింద ఆరేళ్లు డేవిడ్ కుటుంబం కిరాయికి ఉంది. అతను ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్లమ్మ మరియమ్మ రోజూ పొద్దున గేటు పక్క మెట్టు మీద కూర్చుని గోంగూర తుంచేది. ఇల్లు నాదే అయినా కాపలా కాసింది ఆమె.

ఆమె దవాఖానలో చనిపోయింది. డేవిడ్ ఫోన్ చేశాడు.

"అంకుల్, అమ్మను జర ఇంటికి తెస్త. గంట సేపే. ప్రార్థన చేసుకొని తీస్కపోతం."

కిరాయిదార్ల ఇంట చావు జరిగితే శవాన్ని లోపలికి రానివ్వకపోవడం మా కాలనీలో ఇంటివాళ్ల కట్టుబాటు. ఇంటికి కీడంటారు, ఆపైన ఎవరూ కిరాయికి రారంటారు. దయ్యాలను నమ్మనివాణ్ణి దీన్ని మాత్రం నమ్మాను. "తప్పనుకోకు బిడ్డా, బయటనే కానియ్యి" అన్నాను.

అంబులెన్సు వచ్చి ఇంటి ముందు ఆగింది. స్ట్రెచర్ పట్టాలంటే గేటు రెండో రెక్క తీయాలి. నేను దాని గొళ్లెం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. వాళ్లు బండిలోనే ప్రార్థన చేసుకుని సమాధుల తోటకు వెళ్లిపోయారు. మా నాన్న పోయినప్పుడు మేమూ కిరాయికే ఉన్నాం. ఆయన్ని రోడ్డు మీదే పడుకోబెట్టాం. ఆ అవమానం తెలిసి కూడా నేను అదే చేశాను.

నెల తిరక్కుండా డేవిడ్ ఇల్లు ఖాళీ చేసి చంపాపేటకు మారాడు.

మంచి కిరాయిదార్ల కోసం నేను చెయ్యనిది లేదు. రంగులు వేయించాను. కారుతున్న నల్లాలు మార్పించాను. కిటికీలకు దోమల జాలీ పెట్టించాను. మంచి ఫోటోలు తీసి కిరాయి ఇళ్ల యాప్‌లో పెట్టాను. ఫోన్లు బాగానే వచ్చేవి. మనుషులు మాత్రం గేటు దాకా వచ్చి తిరిగిపోయేవాళ్లు. నెలలు గడిచాయి.

విజయవాడ నుంచి వచ్చిన దంపతులకు ఫోన్ చేసి, ఎందుకు రాలేదని అడిగాను. "వచ్చామండీ. మెట్టు మీద గోంగూర గిల్లుకుంటున్న పెద్దావిడ, లోపలికి రానివ్వరమ్మా, వెళ్లిపొండి అన్నారు. మీ అమ్మగారేమో అనుకున్నాం" అంది భార్య. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

తర్వాత చైతన్యపురి కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఒకాయన కూడా అదే మాట అన్నాడు. వీళ్లకు ఒకరికొకరు తెలియదు. పక్కింటి యాదగిరి ఎవరినో కూర్చోబెట్టి ఆట పట్టిస్తున్నాడని అనుమానించాను.

అందుకే ఒక ఆదివారం ఆ మెట్టు మీద నేనే కూర్చున్నాను. పట్టపగలు, పది గంటలు. ఒక తల్లీ కూతురూ ఇల్లు చూడటానికి వచ్చారు. తల్లి నా వైపు కాదు, నా పక్కకు చూసి తలూపింది. "సరే అమ్మా, పోతం తియ్యి" అని కూతురి చెయ్యి పట్టుకుని వెనుదిరిగింది. నా పక్కన ఎవరూ లేరు. నేను తేరుకుని లేచేసరికి వాళ్లు మలుపు దాటిపోయారు.

ఆ మధ్యాహ్నమే చంపాపేటకు వెళ్లి డేవిడ్‌కు అంతా చెప్పాను.

"మా అమ్మ ఎవర్నీ ఎల్లగొట్టే మనిషి కాదు అంకుల్" అన్నాడు. "మీరు మాకు చెప్పిన మాటనే వాళ్లకు చెప్తున్నట్టుంది."

చేతులు జోడించాను. "ఒక్కసారి అమ్మను ఇంట్లకు తీసుకురా" అన్నాను.

అప్పటికి ఆమె పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరం ప్రార్థన మా కింది ఇంట్లోనే జరిగింది. రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఆమె ఫోటోను నేనే ఎత్తుకుని లోపలికి తెచ్చాను. యాదగిరి గోడ మీంచి చూస్తున్నాడు.

"ఏందన్నా, రేపు శవాలను గూడ తెస్తవా ఏంది?"

"తెస్త. నువ్వు పోయినా నా ఇంట్లనే పండవెడ్త. ఫికర్ చెయ్యకు."

మర్నాడు టులెట్ బోర్డు మీద ఇంకో వరుస రాయించాను: "ఈ ఇంట్లో ఉన్నవాళ్లు చనిపోతే ఇక్కడి నుంచే సాగనంపవచ్చు." కాలనీ పెద్దలు వచ్చి చెరపమన్నారు. అది చూస్తే కుక్క కూడా రాదన్నారు. చెరపలేదు.

నాలుగో రోజు ఒక స్కూలు టీచర్ వచ్చింది. మంచాన పడ్డ తండ్రి ఉన్నాడనగానే ఆమెకు ఎక్కడా ఇల్లు ఇవ్వలేదట. "బోర్డు మీద రాసింది నిజమేనా సార్?" అని అడిగింది. నిజమేనన్నాను. కిరాయి పత్రంలో కూడా ఆ మాట రాసిచ్చాను.

గేటు దగ్గర ఎవరైనా కనిపించారా అని అడగకుండా ఉండలేకపోయాను.

"ఒక పెద్దమ్మ కూసున్నది సార్. లోపలికి పో బిడ్డా అన్నది."

ఆ తర్వాత ఆమెను చూశామని ఎవరూ చెప్పలేదు. నాకైతే ఒక్కసారి కూడా కనిపించలేదు. వాళ్లు చూసింది ఎవరినో, ఎలా చూశారో ఈ రోజుకీ చెప్పలేను.

ముసలాయన మంచాన్ని లోపలికి తెచ్చిన రోజున వెల్డింగ్ అతన్ని పిలిపించి, గేటు రెండో రెక్క గొళ్లెం కోయించేశాను.