భీమన్న, సర్దార్, ఒక నల్ల బిళ్ళ

భీమన్న ఫైనల్ మ్యాచిని ఒక టూ-ఇన్-వన్‌కి అమ్ముకున్నాడన్న మాట మస్కట్‌లో మేముండే ఘుబ్రాలో ఇంటింటికీ తిరిగి మా వంటింటికీ వచ్చింది. ఆ టూ-ఇన్-వన్ రేడియో రువీ బజారులో కొన్నప్పుడు పక్కన నిలబడి బేరమాడింది నేను. షాపువాడు చివరికి దణ్ణం పెట్టి, ఇక తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. కాబట్టి అవతలి జట్టు ఇంజనీర్లు ఆయనకు దాన్ని లంచంగా ఇచ్చారన్నది పచ్చి అబద్ధం. మరి గెలిచే మ్యాచిలో కళ్ళముందు గోలు పెట్టుకుని ఆ మనిషి ఎందుకు ఆగిపోయినట్టు? అది మాత్రం ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల నాకు తెలియని సంగతి ఒకటి ఉందంటే నాకు ముద్ద దిగదు.

భీమన్నది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఎనభై తొమ్మిదిలో ఇటుకలు మోసే పనికి మస్కట్ వచ్చాడు. మోసి మోసి కట్టిన వాటిలో ఐస్ రింక్ ఒకటి. బయట గుడ్లు ఉడికే ఎండ, లోపల స్వెట్టర్లు. ఎడారిలో నేలంతా మంచు గడ్డ కట్టించి, దాని మీద జారిపడటానికి టికెట్ కొనుక్కునే జనం! కట్టడం అయిపోయాక మిగతా కూలీలను ఇబ్రి సైటుకి పంపారు. భీమన్నను మాత్రం మంచు చదును చేసే మిషన్ మీద పెట్టుకున్నారు. జనం చక్రాల్లాగా తిరిగి గీతలు పెట్టిన మంచు మీద ఆ మిషన్ వేడినీళ్ళు వదులుతుంది, మంచు మళ్ళీ కొత్తదవుతుంది. వేడినీళ్ళతో మంచు ఎట్లా అవుతుందని నేను మూడు నాలుగు సార్లు అడిగాను. "అయితది పెద్దమ్మ, నన్ను సతాయించకు" అన్నాడు.

కత్తుల బూట్లు అద్దెకిచ్చే కౌంటరులో సర్దార్ ఉండేవాడు. అతను కోరుట్ల ముస్లిం. బూట్ల కింది కత్తులను సానరాయి మీద పదును పెట్టడం అతని డ్యూటీ. రింకు ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఇద్దరూ ఆ బూట్లు కట్టుకుని పడటం మొదలుపెట్టారు. పడీ పడీ నిలబడ్డారు. నిలబడి పరుగెత్తారు. ఒకరోజు కెనడా ఇంజనీర్లు వదిలేసి పోయిన విరిగిన కర్రలు చేతబట్టారు.

ఆ ఇంజనీర్లు చమురు కంపెనీవాళ్ళు. చలికాలం రాగానే నాలుగు జట్లు చేరి ఐస్ హాకీ పోటీ పెట్టేవాళ్ళు. కర్రలతో అరచేయంత నల్ల రబ్బరు బిళ్ళను వలలోకి కొట్టాలి, అంతే ఆట. మిగిలినదంతా ఒకళ్ళనొకళ్ళు గోడకేసి గుద్దుకోవడం. ఒక ఏడు నాలుగో జట్టుకి మనుషులు చాలక రింకు పనివాళ్ళనే జట్టుగా నిలబెట్టారు. మేనేజరే కెప్టెన్.

మామూలు మ్యాచిల్లో భీమన్న, సర్దార్ ఇద్దరూ దండగ. మా ఆయన రామసుబ్బయ్య నోరు జారే మనిషి కాదు, ఆయనే "వీళ్ళకంటే కర్రలే నయం" అన్నాడు. కానీ ఓడితే ఇంటికే అనే మ్యాచిలు వచ్చాయా, ఇద్దరికీ పూనకం. సర్దార్ వల వెనక్కి పోయి, చూడకుండా బిళ్ళను ముందుకు తోసేవాడు. వల ముందు భీమన్న, చూడకుండానే కొట్టేవాడు. రెండేళ్ళు నాకౌట్లలో రింకు జట్టు కొట్టిన గోల్స్ దాదాపు అన్నీ ఈ జంటవే. మా ఆయన ఆఫీసులో ఒక కెనడా ఇంజనీరు చెప్పాడట: వాళ్ళ దేశంలో కూడా నాకౌట్లు వచ్చాకే అసలు జంటలు బయటపడతాయనీ, ఒకడిస్తాడు ఒకడు కొడతాడు, ఇద్దరి పేర్లూ కలిపే చెప్పుకుంటారు, ఎవడు గొప్పో అడిగినవాడిని బయటికి తోస్తారనీ.

అట్లాంటి జంట మూడో ఏడు ఫైనల్లో పగిలింది. ఆట అయిపోవస్తోంది, రెండు జట్లూ సమానం. సర్దార్ వల వెనకనుంచి బిళ్ళను తోశాడు. భీమన్న కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే దించేసి, బొమ్మలా నిలబడ్డాడు. బిళ్ళ ఆయన ముందునుంచే దాటిపోయి ఇంజనీర్ల చేతికి చిక్కింది. వాళ్ళు అవతలికి పోయి గోలు కొట్టారు. అందరి ముందూ సర్దార్ అరిచాడు.

"అమ్ముకున్నవ్‌రా! ఎంతకు అమ్ముకున్నవ్?"

భీమన్న బూట్లు విప్పేసి, పోయి మిషన్ ఎక్కాడు. నెల తిరక్కుండా టూ-ఇన్-వన్ కొన్నాడు. ఇక జనానికి ఏం కావాలి?

ఏడాది గడిచింది. ఇద్దరికీ మాటల్లేవు. మళ్ళీ నాకౌట్లు వచ్చాయి. సర్దార్ సరేనంటేనే భీమన్నకు జట్టులో చోటు, లేకపోతే మిషన్ తోలుకుంటూ కూర్చోమని మేనేజరు తేల్చేశాడు. భీమన్న మా ఇంటికొచ్చి టీ తాగుతూ గోడకేసి చూశాడు. ఆ ఆట లేకపోతే ఈ మనిషి ఇక్కడ ఏం చూసుకుని బతుకుతాడా అనిపించింది. మర్నాడు పొద్దున్నే రింకుకి బయల్దేరాను.

గేటు దగ్గర ఫక్రుద్దీన్ చాచా స్టూలు మీద కూర్చున్నాడు. పగలు వాచ్‌మన్, సాయంత్రం సర్దార్ వాళ్ళ రూముకి వంటవాడు. ప్లేటులో అన్నం పెట్టే ముందు "నమాజ్ అయ్యిందా?" అని అడుగుతాడు. కాలేదంటే గరిటె వెనక్కి పోతుంది. కూర ఎంత కమ్మగా వండినా ఆ గరిటెకి భయపడని మగాడు ఆ క్యాంపులో లేడు.

కౌంటరులో సర్దార్ సానరాయి తిప్పుతున్నాడు.

"ఏమబ్బా సర్దారూ, ఆయప్ప నిజంగానే అమ్ముకున్యాడంటావా?"

"నన్నడగకు పెద్దమ్మ."

"నువ్వేగదా అరిసింది! నిన్నడక్క సానరాయినడగాల్నా?"

అతను గేటు వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, పదును పెట్టిన కత్తికే మళ్ళీ పదును పెట్టాడు. మొహం ఎర్రబడింది. కోపమైతే తల వంచుకోడు, నాకు తెలుసు.

అక్కడే బెంచీ మీద జమీలా కనిపించింది. మా కడప పిల్లే. ఒక ఇంజనీరు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది, వాళ్ళను జారించడానికి తీసుకొస్తుంది. ఆ ఫైనలుకీ వచ్చిందేమోనని అడిగాను.

"వచ్చినాను గదక్కా. ఈ గోడ పక్కనే కూసున్యా."

"ఏం జరిగిందో సూసినావా?"

"అందరూ బిళ్ళనే సూస్తాండ్రి. అప్పుడే పక్క మసీదులో అజాన్ మొదలాయ. నేను కొంగు తలమీదేసుకుని తలెత్తినా. ఆయప్ప కట్టె దించేసి నిలబడిండాడు."

"అజాన్‌కా?"

"ఆఁ. రోజూ ఆయప్ప పని అదే గదక్కా. అజాన్ ఇనపడితే ఈడ మోగే పాటలు ఆపల్ల, మిషన్ ఆపల్ల, పక్కకు నిలబడల్ల. ఆ పొద్దు పాటలాపే పని ఇంకొకరికిచ్చినారు. ఈయప్ప కాళ్ళకు ఆ సంగతి తెలియల్యా."

"మరి సర్దారు?"

జమీలా కిసుక్కున నవ్వింది. "ఉరుకుతానే ఉన్యాడు."

"ఇంత సంగతి ఏడాదిగా కడుపులో పెట్టుకున్యావేమే?"

"నన్నెవరడిగినారక్కా?"

ఆమెను తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. ఆడేటప్పుడు అజాన్‌కి ఆగాలని రూలేమీ లేదు, పాటలు ఆపితే చాలు. ఉరికినందుకు సర్దార్‌ది తప్పూ కాదు. కానీ భీమన్న ఆగడం, సర్దార్ ఉరకడం! మంచు మీద పడి దొర్లి నవ్వాలనిపించింది. స్వెట్టరు లేదు కనుక మానుకున్నాను.

మిషన్ మీద ఉన్న భీమన్నను చెయ్యూపి పిలిచి, కౌంటరు దగ్గరే నిలబెట్టాను. మమ్మల్ని చూడనట్టు సర్దార్ సానరాయి గట్టిగా తిప్పాడు.

"నువ్వు అజాన్‌కి ఆగినావంట! జమీలా సెప్పింది. ఆ ఒక్క మాట సెప్పి ఉంటే నీ పేరు నిలబడిండును గదప్పా. ఏడాది పొడుగునా దొంగ అనిపించుకుంటా ఎందుకు సెప్పల్యా?"

సానరాయి ఆగిపోయింది. భీమన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని, గేటు దగ్గర స్టూలు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నేను ఆగిన, వీడు ఆగలే అని చెప్తే చాచా వీనికి బుక్కెడు బువ్వ పెడ్తడా పెద్దమ్మ? వీడు ఉపాసముంటె ఎల్లుండి మ్యాచిల నాకు బిళ్ళ ఎవరందిస్తరు, రామసుబ్బయ్య సారా?"